మరి గులాబీ ఏది?

ఆదివారం. ఉతికిన బట్టలు మడతపెడుతుంటే మేనకోడలు ఐదు పాచికలు పట్టుకొచ్చి మంచం ఎక్కింది. "అత్తా, ఆట పేరు గులాబీ చుట్టూ రేకులు. పేరు ముఖ్యం, గుర్తుపెట్టుకో. జవాబు సున్నా అన్నా అవుతుంది, సరిసంఖ్య అన్నా అవుతుంది. నేను వేస్తా, నువ్వు ఎంతో చెప్పు. ఇంకేం అడిగినా చెప్పను."

ఇంకేం చెప్పకపోవడం తన మొండితనం కాదు, ఆటలో ఉన్న నియమమే. వేసిన ప్రతిసారీ జవాబు చెప్తారు, అది ఎలా వచ్చిందో చెప్పరు. కనిపెట్టినవాళ్ళు కూడా బయటపెట్టకూడదు.

మొదట 1, 3, 4, 5, 6 పడ్డాయి. "ఆరు" అంది. తర్వాత 6, 6, 4, 2, 1. "సున్నా." కూడి చూశాను. రెండుసార్లూ 19! ఒకే మొత్తానికి రెండు జవాబులు వచ్చాయంటే కూడికతో పని లేదన్నమాట. మంచి సమయానికి పడ్డాయి, లేకపోతే కూడి, తీసి, భాగించి ఎంతసేపు తిరిగేదాన్నో.

సున్నా వచ్చిన వరసే ఎక్కువ చెప్పింది. 6, 4, 2, 1 అందులో ఉన్నాయి, ఒక్కటీ ఏమీ ఇవ్వలేదు. అంటే మొదటి ఆరు 3 నుంచీ 5 నుంచీ వచ్చి ఉండాలి. ఎవరి వాటా ఎంత? 3, 3, 2, 4, 6 పడితే "నాలుగు" అంది. మూడుకి రెండు చొప్పున అనుకుంటే ఐదుకి నాలుగు. 5, 5, 5, 1, 2 పడగానే నేనే ముందు "పన్నెండు" అన్నాను. కళ్ళు పెద్దవి చేసింది గానీ పెదవి విప్పలేదు.

అప్పటికి నా సూత్రం తయారైంది: బేసి అయితే ఒకటి తీసెయ్, సరి అయితే వదిలెయ్. ఒకటిలోంచి ఒకటి తీస్తే సున్నా, అదీ సరిపోయింది.

ఇక్కడే కాస్త జాగ్రత్త పడాలనిపించింది. 1960లో పీటర్ వాసన్ అనే బ్రిటిష్ మనస్తత్వ శాస్త్రవేత్త ఇలాంటి పరీక్షే పెట్టాడు. 2, 4, 6 అనే వరస ఇచ్చి, దాని వెనక నియమం పట్టుకోమన్నాడు. చాలామంది రెండేసి పెరగాలనుకుని 8, 10, 12 లాంటివే అడిగి చూశారు. అన్నిటికీ "సరే" అని వచ్చేసరికి ధీమా పెరిగింది. అసలు నియమం, అంకెలు పెరుగుతూ పోతే చాలు, అంతే. 1, 2, 3 అడిగి ఉంటే అప్పుడే బయటపడేది. తమ ఊహ తప్పయ్యే చోట వెతకడం జనానికి మనసొప్పదు. అందుకే నేను ఒకట్లు ఎక్కువ పడే వరస కోసం చూశాను, నా సూత్రం విరిగితే అక్కడే విరగాలి. 1, 1, 5, 6, 6. "నాలుగు" అన్నాను. తల ఊపింది. ఆ తర్వాత ఏది పడినా తడుముకోలేదు.

"జవాబులన్నీ కరెక్టే అత్తా. మరి గులాబీ ఏది?"

ఈ ఆట ఆడాలనుకునేవాళ్ళు ఇక్కడితో చదవడం ఆపేయండి, మిగతాది చదివితే మజా పోతుంది.

గులాబీ సంగతే నేను పట్టించుకోలేదు. తను 5 ఉన్న పాచిక నా ముందు పెట్టి, నడిమి చుక్క మీద వేలు ఆనించింది. అదే గులాబీ. చుట్టూ నాలుగు రేకులు. మూడులో నడిమి చుక్కకి అటొకటి ఇటొకటి, రెండు. ఒకటిలో గులాబీ ఉంది గానీ రేకుల్లేవు. సరిసంఖ్యలకి నడుమ చుక్కే లేదు, ఇక పువ్వెక్కడిది! పాచిక కనపడగానే అంకె చదివేస్తాం, ఆ చుక్కల బొమ్మని చూడనే చూడం.

"నువ్వు దొంగదారిన వచ్చావు" అంది. నేను ఒప్పుకోలేదు. చుక్కలకు బదులు అంకెలు రాసిన పాచికలు ఇస్తే నీ గులాబీ ఎక్కడుంటుంది, నా సూత్రం అక్కడా పనిచేస్తుంది కదా అన్నాను. "అప్పుడు ఆట పేరు మార్చుకో" అని ఠక్కున అనేసింది. ఈ పిల్లతో గెలవడం కష్టం.

1977లో డాలస్‌లో కంప్యూటర్ సమావేశం ముగించుకుని వెళ్తూ విమానంలో బిల్ గేట్స్ కూడా ఈ ఆటతో కుస్తీ పట్టాడని చెప్పుకుంటారు. అది చెప్తే నామీద కొంచెం గౌరవం పెరిగింది.

బట్టలు మళ్ళీ మొదలుపెట్టాను గానీ బుర్ర లెక్కలోనే ఉంది. ఒక పాచిక ఆరు ముఖాల్లో రేకులు మొత్తం ఆరు, అంటే సగటున ఒకటి. ఐదు పాచికలకి సగటు ఐదు. కానీ ఐదు ఎప్పుడూ రాదు, బేసి కదా! సున్నా మాత్రం నూటికి 13 సార్లు వస్తుంది. గరిష్ఠం 20, అన్నీ ఐదులే పడాలి, 7776 రకాలుగా పడే వాటిలో ఒక్కటే.

"ఎప్పుడూ రానిది సగటెలా అవుతుంది?" అంది. ఇంటికి ఒకటిన్నర మంది పిల్లలు అని లెక్కలేస్తారు, సగం పిల్లాడు ఎక్కడైనా ఉంటాడా అన్నాను. అది వేరు, ఇది వేరు అంది. ఆ వాదన భోజనాల దాకా సాగింది, సగం బట్టలు ఇంకా మంచం మీదే ఉన్నాయి.