మేడ మీంచి రాకెట్లు చూసిన మనిషిని కెన్నడీ స్పేస్ సెంటర్‌కి తీసుకెళ్తే

మా నాన్నకి రాకెట్లంటే వింతేమీ కాదు. సూళ్లూరుపేటలో పుట్టి, అక్కడే బళ్లో ముప్పయ్యేళ్ల పైన లెక్కలు చెప్పి రిటైరైన మనిషి. శ్రీహరికోట మాకు పులికాట్ సరస్సు దాటితే వచ్చేస్తుంది, మా ఇంట్లో దాన్నెవరూ ఆ పేరుతో పిలవరు కూడా, 'షార్' అంటామంతే. 'ఇవాళ షార్‌లో రాకెట్ ఉంది' అంటే 'ఇవాళ సంత ఉంది' అన్నట్టే. టైముకి అందరం మేడెక్కేవాళ్లం, పక్కింటివాళ్లు వాళ్ల మేడెక్కేవాళ్లు, ఎండబెట్టిన వడియాలు ఓ మూలకి జరిపి తూర్పుకి తిరిగి నిలబడితే చెట్ల మీంచి నిప్పుముద్ద ఒకటి లేచేది. అది లేచిన క్షణం నించి నాన్న పైకి అంకెలు లెక్కపెట్టేవాడు. మా మేడకీ లాంచ్ ప్యాడ్‌కీ మధ్య ఇరవై మూడు కిలోమీటర్లు ఉంటుంది. వెలుగు వెంటనే కనపడుతుంది గానీ చప్పుడు సెకనుకి 340 మీటర్ల చొప్పున నడుచుకుంటూ రావాలి కదా. అరవై దాటి కొంచెం ముందుకెళ్లేసరికి కిటికీ రెక్కలు గడగడా కొట్టుకునేవి. "చూశారా, అరవై ఎనిమిది" అని, అదేదో తనే పంపించినట్టు మొహం పెట్టేవాడు.

అలాంటి మనిషిని, ఆర్నెల్లు ఉందామని అమ్మతో కలిసి అమెరికాలో, ఫ్లోరిడాలోని టాంపాలో మా ఇంటికొస్తే, నాసా వాళ్లు రాకెట్లు ఎగరేసే కెన్నడీ స్పేస్ సెంటర్‌కి తీసుకెళ్దామనుకున్నాను. "రాకెట్లు చూడ్డానికి టికెట్టా?" అన్నాడు. షార్‌లో 2019లో లాంచ్ వ్యూ గ్యాలరీ తెరిచి జనాన్ని రానిస్తున్నప్పుడు కూడా ఇదే మాట, మేడ ఉండగా గ్యాలరీ ఎందుకని ఒక్కసారీ పోలేదు. టికెట్ ఎంతో నేను చెప్పలేదు. చెబితే రూపాయల్లోకి మార్చి, ఆ పూట అన్నం తినడు.

శనివారం పొద్దున్నే ఆరింటికి బయల్దేరాం. మా ఆయన, నేను, తొమ్మిదేళ్ల పెద్దాడు, ఐదేళ్ల చిన్నది, అమ్మా నాన్న. అమ్మ నాలుగింటికే లేచి పులిహోర కలిపింది. అక్కడ తినడానికి దొరుకుతాయత్తయ్యా అని మా ఆయన అంటే, దొరికితే మీరు తినండి బాబూ అంది. ఓర్లాండో దాటాక రోడ్డు తూర్పుకి తిన్నగా పోతుంది, దార్లో టోల్ గేట్లు తప్ప చెప్పుకోడానికేం లేదు. కానీ నది మీద వంతెన ఎక్కగానే నాన్న సీట్లో నిటారుగా కూర్చున్నాడు. రెండు వైపులా లోతులేని నీళ్లు, మడచెట్లు, ఒంటికాలి మీద కొంగలు. "ఇది మన అటకానితిప్ప దారే కదే" అన్నాడు.

సూళ్లూరుపేట నించి పులికాట్ మీదుగా షార్‌కి పోయే దారి అది. నిజంగానే అలా ఉంది. కెన్నడీ సెంటర్ ఉన్న మెరిట్ ఐలండ్‌లో ఎక్కువ భాగం పక్షుల అభయారణ్యం. లాంచ్ ప్యాడ్‌కి చుట్టూ ఖాళీ జాగా కావాలి, ఆ ఖాళీలో పిట్టలు చేరతాయి, మనకి పులికాట్‌లో ఫ్లెమింగోలు వచ్చినట్టు. ఇక్కడ అదనంగా కాలవల్లో మొసళ్లు. ఖాళీ అంటున్నాను గానీ అది ఊరికే వచ్చిన ఖాళీ కాదు. 1960లలో నాసా కొన్నప్పుడు ఇక్కడ నారింజ తోటలు, చిన్న చిన్న పల్లెలు ఉండేవి, అక్కడివాళ్లందర్నీ ఖాళీ చేయించారు. తర్వాత లోపల తిప్పి చూపించే బస్సులో ఈ సంగతి నేను చదివి చెబితే నాన్న "మనకాడ యానాదులు" అన్నాడు, ఇంకేం అనలేదు. శ్రీహరికోట దీవి యానాదులది. చేపలు, తేనె, అడవిలో దుంపలు వాళ్ల బతుకు. రాకెట్ కేంద్రం వచ్చినప్పుడు చాలా కుటుంబాల్ని అక్కణ్ణించి కదిలించారు. నాన్న దగ్గర చదువుకున్న యానాది పిల్లలు కొందరుండేవాళ్లు, వాళ్ల పేర్లు ఇప్పటికీ చెబుతాడు.

లోపలికి వెళ్లగానే రాకెట్ గార్డెన్. మెర్క్యురీ, జెమినై అని అమెరికా మొదట్లో మనుషుల్ని పైకి పంపిన కాలం నాటి రాకెట్లు ఆకాశంలోకి చూస్తూ నిలబడి ఉంటాయి, ఒక్క శాటర్న్-1బి మాత్రం పడుకుని ఉంటుంది. పిల్లలు కూర్చోడానికి క్యాప్సూల్ నమూనాలు పెట్టారు. పెద్దాడు ఒకదాన్లో దూరి మోకాళ్లు ముడుచుకుని, ఇందులో రెండు వారాలు ఉన్నారంటే నమ్మలేదు (జెమినై-7లో ఇద్దరు నిజంగానే దాదాపు పద్నాలుగు రోజులు ఉన్నారు, 1965లో). చిన్నది ఐస్‌క్రీం అంది. అమ్మకి మోకాళ్ల నెప్పులు, చక్రాల కుర్చీ తీసుకుందామంటే ససేమిరా అని, గంటకే తనే అడిగింది. మీరూ అమ్మానాన్నల్ని తీసుకెళ్తే ముందే కుర్చీ తీసుకోండి, బతిమాలడంలో టైం పోగొట్టుకోవద్దు.

తర్వాత బస్సు. ఇది టికెట్‌లోనే ఉంటుంది, దీన్ని ముందు చేసుకుంటేనే మంచిది, మధ్యాహ్నానికి క్యూ పెరిగిపోతుంది. బస్సు వెహికల్ అసెంబ్లీ బిల్డింగ్ ముందు నించి పోతుంది. ఎత్తు 160 మీటర్లు, గోడ మీద వేసిన జెండానే ఓ అపార్ట్‌మెంట్ అంత ఉంటుంది. రాకెట్‌ని అక్కడ నిలువుగా బిగించి, క్రాలర్ అనే ఒక పెద్ద బండి మీద నిలబెట్టి ప్యాడ్ దాకా తీసుకెళ్తారు. బండి ఒక్కటే 2,700 టన్నుల పైన, రాకెట్ ఎక్కిందంటే గంటకి మైలు నడక. దారంతా గులకరాళ్లు పరిచారు. "మనకి పట్టాలు" అన్నాడు నాన్న. షార్ రెండో ప్యాడ్‌కి రాకెట్‌ని పట్టాల మీదే తీసుకెళ్తారు, ఆయన లోపలికెళ్లి చూసింది లేదు, ఊళ్లో షార్ ఉద్యోగులు ట్యూషన్ ఫీజు ఇవ్వడానికొచ్చినప్పుడు చెప్పిన కబుర్లే. దూరంగా 39ఏ ప్యాడ్ కనపడింది. మొదటిసారి మనుషుల్ని చంద్రుడి మీద దింపిన అపోలో-11, 1969 జులై 16న లేచింది అక్కణ్ణించే. మన మహబూబ్‌నగర్ మూలాలున్న వ్యోమగామి రాజాచారి 2021 నవంబర్లో ఎగిరిందీ అక్కణ్ణించే. ఈ రెండో సంగతికి మా అమ్మ కుర్చీలోంచి లేచి ఫొటో తియ్యమంది.

బస్సు దింపేది అపోలో కేంద్రం దగ్గర. అక్కడ ముందు ఒక గదిలో కూర్చోబెడతారు. 1968లో అపోలో-8 లేచినప్పటి కంట్రోల్ రూమ్, అవే బల్లలు, అవే లైట్లు. కౌంట్‌డౌన్ నడుస్తుంది, తెర మీద మంట వస్తుంది, గది కిటికీలు దడదడలాడతాయి. జనం నోరు తెరుచుకుని చూస్తున్నారు. నా పక్కన నాన్న వేళ్ల మీద ఏదో లెక్కపెడుతున్నాడు. బయటికొచ్చాక, "ఆ గదికీ ప్యాడ్‌కీ ఎంత దూరం?" అన్నాడు. ఐదున్నర కిలోమీటర్లట అన్నాను. "మరి పదహారు సెకన్లు పట్టాలే. వీళ్లు తొందరపడ్డారు." నేను నవ్వు ఆపుకోలేక పోతుంటే తలుపులు తెరుచుకున్నాయి.

అవతల శాటర్న్-5, మనుషుల్ని చంద్రుడి దగ్గరికి మోసిన రాకెట్, పడుకుని ఉంది.

దీని గురించి ఎన్ని ఫొటోలు చూసినా లాభం లేదు. నూట పది మీటర్ల పొడవు. తలుపు తియ్యగానే మనకి కనపడేది దాని కింది భాగం, ఐదు ఇంజన్లు, ఒక్కోదాని నోట్లో మా కారు పెట్టేయొచ్చు. ఆ ఐదూ కలిసి సెకనుకి దాదాపు 13 టన్నుల ఇంధనం తాగేవి. నాన్న 1980లో మేడ మీంచి చూసిన మన ఎస్ఎల్‌వీ-3 మొత్తం బరువు 17 టన్నులు, అంటే అది ఇక్కడ ఒకటిన్నర సెకన్ల మేత కూడా కాదు. ఈ లెక్క చెప్పింది నేను కాదు, ఆయనే. చెప్పి, చిన్నబుచ్చుకుంటాడేమోననుకుంటే లేదు. "దాంతోనే ముప్పై అయిదు కిలోల రోహిణి ఉపగ్రహాన్ని పైన పెట్టాం" అన్నాడు. అంతకుముందు ఏడాది, 1979 ఆగస్టు 10న మొదటిది సముద్రంలో పడింది, ఆ రోజూ ఆయన మేడ మీదే ఉన్నాడు, లేచింది చూసి సంతోషంగా కిందికొచ్చి ఇడ్లీ తిన్నాడట, పడిందని తర్వాత తెలిసింది. అక్కడ చంద్రుడి రాయి ముక్క ఒకటి చేత్తో తాకనిస్తారు. లక్షలమంది వేళ్లు తగిలి నున్నగా అయిపోయింది. అమ్మ తాకి కళ్లకద్దుకుంది. వెనకాల క్యూలో ఉన్న తెల్లాయన ఏమనుకున్నాడో గానీ, తనూ తాకి కాసేపు చెయ్యి చూసుకున్నాడు.

పార్కింగ్‌లో కారు డిక్కీ ఎత్తి పులిహోర తిన్నాం. అక్కడ పెద్దాడు అడిగాడు, రాకెట్లన్నీ సముద్రం పక్కనే ఎందుకు తాతయ్యా అని. ఇంక చూడండి, నాన్నకి బడి దొరికింది. టిష్యూ పేపర్ మీద గుండ్రం గీసి మొదలుపెట్టాడు. భూమి పడమర నించి తూర్పుకి తిరుగుతుంది, తూర్పుకి ఎగిరితే ఆ వేగం ఊరికే కలిసొస్తుంది, తూర్పున సముద్రం ఉంటే కాలిపోయిన భాగాలు ఎవరి నెత్తినా పడవు. మనకి బంగాళాఖాతం, వీళ్లకి అట్లాంటిక్. భూమధ్యరేఖ దగ్గర ఆ వేగం గంటకి 1,670 కిలోమీటర్లు, ఉత్తరానికి వెళ్లేకొద్దీ తగ్గుతుంది. షార్ 13.7 డిగ్రీల అక్షాంశం మీద ఉంది, ఇది 28.5 మీద. ఫోన్ కాలిక్యులేటర్‌లో కాస్ నొక్కించాడు. మనకి 1,620 పైన, వీళ్లకి 1,470. "అంటే నూట యాభై కిలోమీటర్లు మనకే ఎక్కువ. ఫ్రీగా!" పెద్దాడు ఆలోచించి, మరి వీళ్లెందుకు ముందు చంద్రుడి మీదకెళ్లారు అన్నాడు. "డబ్బుల్రా" అన్నాడు నాన్న, వేలు నాకుతూ.

మధ్యాహ్నం అట్లాంటిస్. ఇది నమూనా కాదు, 33 సార్లు పైకి వెళ్లొచ్చిన అసలు స్పేస్ షటిల్, ఆఖరిసారి దిగింది 2011 జులై 21న. చిన్న సినిమా చూపించి, అయిపోగానే తెర లేపేస్తారు, వెనకాల అది పక్కకి ఒరిగి, తలుపులు తెరుచుకుని, గాల్లో ఉన్నట్టే ఉంటుంది. 43.21 డిగ్రీలు ఒరగబెట్టారట, కౌంట్‌డౌన్ అంకెలు. కింది భాగం పెంకులు దగ్గర్నించి చూడొచ్చు, కాలిన మరకలు, ఒక్కో పెంకు మీద నంబరు. పిల్లలు జారుడుబల్ల దగ్గర అతుక్కుపోయారు. మా ఆయన వాళ్ల కాపలా. అమ్మ కుర్చీలో చిన్న కునుకు. నాన్న కనపడలేదు.

పావుగంట వెతికాను, టెన్షన్ వచ్చేసింది, ఆయన ఫోన్ మా దగ్గరే ఉంది. చివరికి కింది అంతస్తులో దొరికాడు. అక్కడ గాల్లోనే ముక్కలైన చాలెంజర్, కొలంబియా షటిళ్లలో పోయిన పద్నాలుగు మంది జ్ఞాపకానికి ఒక చోటు ఉంది. వరండాలో ఒక్కొక్కరికీ ఒక్కో అర, వాళ్ల వస్తువులు. కల్పనా చావ్లా ఉంది. కొలంబియా 2003 ఫిబ్రవరి 1న దిగాల్సింది ఈ కెన్నడీ సెంటర్‌లోనే, ఇంటివాళ్లు రన్‌వే పక్కన ఎదురుచూస్తూ ఉన్నారు. ఇంకో పదహారు నిమిషాలుంటే దిగేది. లోపల చీకటి గదిలో రెండే రెండు ముక్కలు. కొలంబియా కాక్‌పిట్ కిటికీల చట్రాలు, గాజు లేకుండా. చాలెంజర్ ఒంటి మీది రేకు, జెండా బొమ్మతో. నాన్న ఆ రేకు ముందు నిలబడి ఉన్నాడు.

నాకు వెంటనే 2010 క్రిస్మస్ గుర్తొచ్చింది. ఇంజనీరింగ్ ఆఖరి సంవత్సరం, సెలవలకి ఇంటికొచ్చాను. సాయంత్రం నాలుగింటికి జీఎస్ఎల్‌వీ. మేడ మీద అందరం. లేచింది, నాన్న లెక్క మొదలెట్టాడు. నలభై దాటాక అది వంకరగా తిరిగింది, ముక్కలైంది, తెల్లటి పొగ నాలుగు వైపులకీ తీగలు తీగలుగా దిగుతోంది. చప్పుడు లేదు. అందరం గుడ్లప్పగించి చూస్తున్నాం. నాన్న లెక్క మాత్రం ఆపలేదు, అరవై ఆరు, అరవై ఏడు... అప్పుడొచ్చింది, రాకెట్ బయల్దేరినప్పటి చప్పుడు. పైన రాకెట్ లేదు. కిటికీలు గడగడా కొట్టుకున్నాయి. ఆ రోజు ఆయన అంకె పైకి చెప్పలేదు. తర్వాత పేపర్లో రాశారు, లోపల కనెక్టర్లు ఊడిపోయి ఇంజన్లకి ఆదేశాలు అందలేదని.

నేను పక్కకి వెళ్లి నిలబడితే, "మనది ఖాళీది కదమ్మా" అన్నాడు. కాసేపాగి, "ఇందులో పంతులమ్మ ఉందంట" అన్నాడు. క్రిస్టా మెక్ఆలిఫ్. 1986 జనవరి 28. అంతరిక్షం నించి పాఠం చెప్పాల్సిన మనిషి, బళ్లలో పిల్లలు టీవీలు పెట్టుకుని చూస్తున్నారు, 73 సెకన్లు. చలికి బూస్టర్ అతుకులో రబ్బరు వలయం బిగుసుకుపోయి మంట బయటికి తన్నింది. ఈ విషయాలు ఆయనకి తెలియనివి కావు, పేపర్ కత్తిరించి దాచే మనిషి. ఆయన లెక్కలో అరవై ఎనిమిది దాటిన ఐదో సెకను. మేమిద్దరం ఆ గదిలో ఎంతసేపున్నామో తెలీదు, చిన్నది వచ్చి నా చున్నీ లాగేదాకా ఉన్నాం.

గిఫ్ట్ షాపులో పిల్లలు ఏం కొన్నారో, ఎంతయిందో రాయను. నాన్న ఏమీ కొనలేదు. రసీదు మాత్రం కార్లో నా బ్యాగులోంచి తీసి చదివాడు, టికెట్లతో సహా. ఓర్లాండో దాకా మాట్లాడలేదు.

తర్వాత నాలుగు రోజులకి అనుకుంటా, సాయంత్రం చీకటి పడ్డాక స్పేస్‌ఎక్స్ వాళ్ల రాకెట్ ఒకటి ఉందని పెద్దాడు చెప్పాడు. మా టాంపా ఇంటి ముందు నించుంటే కనపడుతుంది, తూర్పున ఎదురింటి కప్పు మీంచి ఒక నారింజరంగు చుక్క లేచి నెమ్మదిగా వంగుతూ పోతుంది. ఇక్కడ మేడ లేదు, డ్రైవ్‌వే మీదే నిలబడ్డాం. అది కనపడగానే నాన్న మొదలుపెట్టాడు. అరవై ఎనిమిది దాటింది. వంద దాటింది. ఇక్కడికి రెండొందల కిలోమీటర్ల దూరం నాన్నా, చప్పుడు రాదు అన్నాను. చెయ్యి ఎత్తి ఆగమన్నాడు. చుక్క మాయమైంది, పిల్లలు లోపలికి పోయారు, అమ్మ అన్నానికి రమ్మని రెండుసార్లు పిలిచింది. ఆయన తూర్పుకి తిరిగి ఇంకా లెక్కపెడుతూనే ఉన్నాడు, నూట తొంభై ఒకటి, నూట తొంభై రెండు.