తోడి గాంధారాన్ని గ్రాఫులో పట్టుకోవడం

లెక్క ప్రకారం కర్ణాటక రాగమైన తోడిలో ఉన్నది సాధారణ గాంధారం, అంటే 'గ' స్వరంలో ఒక రకం. షడ్జం నుంచి పై షడ్జం దాకా 1200 సెంట్లు అనుకుంటే దాని చోటు 316 దగ్గర. పాడేటప్పుడు మాత్రం గొంతు అక్కడ నిలవదు, శుద్ధ రిషభం వైపు దిగి శుద్ధ మధ్యమం వైపు లేస్తూ ఊగుతుంది. గమకాల (స్వరాన్ని ఊపే, కదిలించే తీరుల) మీద కంప్యూటరుతో జరుగుతున్న పరిశోధనకు ఇంతకన్నా మంచి పరీక్ష లేదు.

బార్సిలోనాలోని పొంపేయు ఫాబ్రా విశ్వవిద్యాలయంలో హావియర్ సెర్రా నాయకత్వాన 2011లో మొదలైన కంప్‌మ్యూజిక్ ప్రాజెక్టు కర్ణాటక సంగీతాన్ని కూడా చేపట్టింది. అక్కడి నుంచి వచ్చిన సరాగ సంకలనంలో గాత్రం, వయొలిన్, మృదంగం విడివిడి ట్రాకులుగా దొరికే కచేరీలున్నాయి. విడి ట్రాకు అన్నారు కదా అని నమ్మేయకండి. ఒకే వేదిక మీది రికార్డింగు కాబట్టి గాత్రం మైకులోకి వయొలిన్ చొరబడుతుంది. గాయకుడు ఊపిరి తీసుకున్న చోట గొంతు ఎత్తు చూపే గ్రాఫులో గీత సాగుతోందంటే అది చాలావరకు వయొలినే. అలాంటి చోట్లను విని కొట్టేయాలి. మొదటిసారి చేసేవాళ్లకు తంబురా ఒక్కటే తోడున్న రికార్డింగు మేలు.

ముందు షడ్జం తేల్చుకోవాలి. గాయకుడు పాడేది రెండు శ్రుతిలో (పాశ్చాత్య డి స్వరం) అయితే అది 146.8 హెర్ట్జ్. ఇక్కడ 5 హెర్ట్జ్ ఎక్కువ వేసుకుంటే ప్రతి స్వరమూ 58 సెంట్లు కిందికి జారుతుంది, అంటే అరస్వరంలో సగానికి పైనే. పాత టేపు నుంచి ఎక్కించినవైతే వేగం మారి ఉండొచ్చు కాబట్టి మొదట్లోనూ చివర్లోనూ రెండుసార్లు కొలవాలి.

తర్వాత ఈ గీత గీసే ప్రాట్ లాంటి సాఫ్ట్‌వేరులో గొంతు ఎత్తుకు హద్దులు పెట్టాలి. మంద్ర పంచమం 110, తారస్థాయి పంచమం 440 కనుక 100 నుంచి 480 హెర్ట్జ్ సరిపోతుంది. హద్దులు మరీ వదులైతే గీత ఉన్నట్టుండి 1200 సెంట్లు పైకో కిందికో దూకుతుంది. నిట్టనిలువు గోడ కనబడితే అది గమకం కాదు, యంత్రం స్థాయి తప్పింది. ప్రతి 10 మిల్లీసెకండ్లకు ఒక కొలత చాలు. గీత నున్నగా రావాలని 300 మిల్లీసెకండ్ల సగటు తీస్తే మాత్రం కంపితం, అంటే స్వరం ఊపు, కాస్తా చదునైపోయి, "గాంధారం నిలకడగా ఉంది" అనే అబద్ధం చేతికొస్తుంది.

గొంతు ఏ స్వరం దగ్గర ఎంతసేపు ఉందో చూపే హిస్టోగ్రామ్ కూడా ఇలాగే మోసం చేస్తుంది. ఊగే గొంతు మలుపుల దగ్గరే ఎక్కువసేపు ఉంటుంది కనుక రిషభం, మధ్యమం పక్కన గుట్టలు లేచి, 316 దగ్గర పల్లం రావచ్చు. దాన్ని చూసి తోడిలో గాంధారం లేదనేవాళ్లకు దణ్ణం పెట్టడం తప్ప ఏం చేస్తాం!

ఎట్టయపురంలో 1904లో తెలుగు లిపిలోనే అచ్చయిన సంగీత సంప్రదాయ ప్రదర్శిని అనే గ్రంథంలో సుబ్బరామ దీక్షితులు స్వరాలకు గమక చిహ్నాలు పెట్టారు. కొలవవలసిందీ అదే, స్వరం చోటు కాదు, కదలిక. ఒక్కో ఊపుకు పై మలుపు, కింది మలుపు, పట్టిన సమయం రాసుకోండి. పక్కనే ముందు స్వరం, వెనక స్వరం, కాలం (పాడే వేగం) కూడా వేయాలి. రెండో కాలంలో ఊపులు తగ్గిపోతాయి కాబట్టి రెండు కాలాల కొలతలనూ ఒకే సగటులో కలపకండి.