పుల్లల కెటిల్, మా అమ్మ, మా వాడు

ఐర్లండ్‌లో మా ఇంట్లో ఉన్నది ఇండక్షన్ పొయ్యి. మా వాడికి మంటంటే కేకు మీద కొవ్వొత్తి, టీవీలో తగలబడే అడవులు, అంతే. వాడి వయసుకి నేను పెరట్లో రాగి బాయిలర్‌లోకి చితుకులు ఎగదోసి ఇంటిల్లిపాదికీ స్నానానికి నీళ్లు కాచేదాన్ని. నాకెవరూ కూర్చోబెట్టి నేర్పలేదు, పక్కన నిలబడి చూశానంతే. మరి వీడు ఎవరి పక్కన నిలబడి చూస్తాడు? అందుకే స్కౌట్స్ నుంచి వచ్చి "పుల్లలతో నీళ్లు కాచే కెటిల్ కొందామమ్మా" అన్నప్పుడు, వాళ్ల నాన్న నిప్పుతో చెలగాటమా అని విసుక్కున్నా నేను సరేనన్నాను.

కొన్నది కెల్లీ కెటిల్. ఈ దేశపు వస్తువే. పశ్చిమాన మాయో కౌంటీలో, లాక్ కాన్ సరస్సు ఒడ్డున 1890ల్లో మొదలైంది. లోపలి పనితనం చూస్తే అచ్చం మా రాగి బాయిలరే. నడుమ బోలుగా పొగగొట్టం, దాని చుట్టూ రెండు గోడల మధ్య నీళ్లు, అడుగున చిన్న పళ్లెంలో మంట. గాలి వీస్తే మామూలు పొయ్యి సతాయిస్తుంది, ఇది ఇంకా బాగా రాజుకుంటుంది. పళ్లేనికున్న కన్నాన్ని గాలివైపు తిప్పితే చాలు. గ్యాస్ అక్కర్లేదు. పెన్సిలంత పుల్లలు, ఎండిన పైన్ కాయలు పైనుంచి గొట్టంలో వేస్తూ ఉంటే లీటరు పైచిలుకు నీళ్లు ఐదు నిమిషాల్లో మసులుతాయి. ఈ వానల దేశంలో పొడి పుల్లలు వెతుక్కోవడమే అసలు పని అనుకోండి.

న్యూజిలాండ్‌లో 1929లో ఇలాంటిదే థర్మెట్ పేరుతో వచ్చింది. రెండో ప్రపంచయుద్ధంలో వాళ్ల సైనికులు దాన్ని ఉత్తర ఆఫ్రికా ఎడారికి తీసుకెళితే, బెంఘాజీ బాయిలర్ అని పేరు పడింది. ఇది విన్నాక వాళ్ల నాన్నకి కూడా కెటిల్ మీద కాస్త గౌరవం పుట్టింది.

రూల్స్ మాత్రం మా వాడికి కంఠతా వచ్చాకే అగ్గిపెట్టె చేతికిచ్చాను. బిరడా బిగించి మంట పెట్టకూడదు. నీరు ఆవిరైతే దాదాపు 1,700 రెట్ల చోటు కావాలి, దారి లేకపోతే పేలుతుంది. నీళ్లు పోయకుండా వెలిగించకూడదు. అంచుదాకా నింపకూడదు. గొట్టం మీదుగా చెయ్యి గానీ మొహం గానీ పోనివ్వకూడదు. చుట్టూ గడ్డి లేకుండా నేల శుభ్రం చేసుకోవాలి. నన్నడిగితే ఇన్ని రూల్స్ ఉన్న మంట, "అటు వెళ్లకు, కాలుతుంది" అనే ఒక్క మాటకన్నా నయం.

పోయిన వేసవిలో మా అమ్మ వచ్చింది. కెటిల్ దగ్గర చతికిలబడి, వాడు ఏరుకొచ్చిన పుల్లల్ని ఒక్కొక్కటే చెవి దగ్గర పెట్టి విరిచింది. టప్‌మంటే ఇటు, వంగితే అటు. వాడు నోరు తెరుచుకుని చూశాడు. స్కౌట్స్‌లో ఈ చెవి పరీక్ష లేదట. మంట అంటుకున్న కాసేపటికి గొట్టం లోపలినుంచి నీటి చుక్కలు నిప్పు మీద పడి చుయ్‌మన్నాయి.

"ఒరేయ్ నాన్నా, ఇది కారుతోందిరా."

"కారట్లేదు అమ్మమ్మా. ఆగు, అదే ఆగిపోతుంది."

నిజమే. పొగలో ఉండే ఆవిరి చల్లటి గోడకి తగిలి నీరవుతుంది, నీళ్లు వేడెక్కాక ఆ చుక్కలు ఉండవు. ఈలోపు వాడు పుల్లలు కుక్కేస్తుంటే ఆమె చెయ్యి పట్టుకుంది. "కుక్కకురా, మంటకి ఊపిరాడొద్దూ?" అంది. నీళ్లు మసిలాక అలవాటుకొద్దీ కెటిల్ పైనుంచి పట్టుకోబోతే ఈసారి వాడు అరిచాడు. "అమ్మమ్మా, చెయ్యి తియ్యి! పిడిని రెండు చేతుల్తో పక్కలనుంచి పట్టుకుని ఎత్తాలి!" నాకు టెన్షన్‌తో గుండె గుభేల్‌మంది గానీ నోరెత్తలేదు.

వీడియో కాల్‌లో వీళ్లిద్దరి మాటలు "తిన్నావా, తిన్నాను" దగ్గరే ఆగిపోయేవి. తెలుగు క్లాసు కూడా అంతకుమించి ముందుకు తీసుకెళ్లలేదు. ఇక్కడ సగం పని ఆమెకే తెలుసు, మిగతా సగం వాడికే తెలుసు. మాట్లాడుకోకపోతే నీళ్లు కాగవు.

మర్నాడు కొండకి బయల్దేరబోతుంటే వాడు ఫోన్‌లో అడవి మంటల హెచ్చరిక చూశాడు. ఇక్కడ వ్యవసాయ శాఖ పసుపు, ఆరెంజ్, ఎరుపు రంగుల్లో ఇస్తుంది. ఆ వేళ ఆరెంజ్. కెటిల్ వద్దు, ఫ్లాస్కులో వేణ్ణీళ్లు పట్టుకెళ్దాం అన్నాడు. మా అమ్మకి బొత్తిగా నచ్చలేదు.

"అడవినిండా పుల్లలు పెట్టుకుని ఇంట్లోంచి నీళ్లు మోసుకెళ్లడమేంట్రా?"

"వారంనించీ వాన లేదు కదా అమ్మమ్మా, గడ్డంతా ఎండిపోయింది. ఒక్క రవ్వ పడితే కొండ మొత్తం అంటుకుంటుంది."

ఆమె కాసేపు వాడివంక చూసి, "సరే, అయితే ఆ మూత గట్టిగా బిగించు" అంటూ చెప్పులు వేసుకుంది.