ఉంటే మంచిదని

నేను ఐసీయూ నర్సుని, మన దగ్గర చేసి ఇప్పుడు విదేశంలో చేస్తున్నాను. ఆమధ్య ఒక నైట్ డ్యూటీలో నాకు చీవాట్లు పడ్డాయి. అరిచి పెట్టుంటే ఇంత బాధ ఉండేది కాదు, అరుపులు మనకి అలవాటే. మా షిఫ్ట్ ఇన్‌చార్జి, నాకన్నా పదేళ్లు చిన్నది, పేషెంట్ ఎడమ చేతి మీద దుప్పటి కాస్త తొలగించి మెల్లగా అడిగింది.

"ఈ లైన్ ఎందుకుంది?"

"ఉంటే మంచిదని," అన్నాను.

"ఎవరికి?"

నా దగ్గర జవాబు లేదు. అప్పట్నుంచీ ఆ జవాబు వెతుక్కుంటూనే ఉన్నాను.

సంగతేంటంటే, ఆ పేషెంట్ మూడు రోజుల క్రితం ఎమర్జెన్సీ నుంచి వచ్చాడు. స్పృహ లేని మనిషి. అక్కడి హడావిడిలో మోచేతి మడత దగ్గర ఆకుపచ్చ కాన్యులా ఒకటి పెట్టేశారు, అంటే నరంలోకి మందు ఎక్కించే సన్నటి ప్లాస్టిక్ గొట్టం, మేం లైన్ అంటాం. ఐసీయూకి వచ్చాక మెడలో పెద్ద నరంలోకి వేసే సెంట్రల్ లైన్ పడింది, మందులన్నీ అందులోనే వెళ్తున్నాయి. ఆకుపచ్చదానికి పని లేదు. ప్లాస్టర్ ఒక అంచున లేచిపోయి ఉంది, దాని కింద ఎండి నల్లబడ్డ రక్తం. ఎప్పుడు పెట్టారో తేదీ రాసి లేదు. డ్యూటీ ఎక్కగానే కాస్త సెలైన్ తోసి ఫ్లష్ చేసి చూశాను. సాఫీగా వెళ్లింది. హమ్మయ్య, ఒక లైన్ చేతిలో ఉంది అనుకున్నాను. అదీ నేను చేసిన నేరం.

మన దగ్గర ఐసీయూలో చేసినవాళ్లకి ఈ "హమ్మయ్య" వేరే చెప్పక్కర్లేదు. నరం దొరకని పేషెంట్ ఉంటే నన్ను పిలిచేవాళ్లు. వాచిపోయిన చేతులు, కీమోతో గట్టిపడ్డ నరాలు, ఏడుస్తూ గింజుకునే పిల్లలు, అన్నీ చూశాను. తెల్లవారుజామున బీపీ పడిపోయి, ఇద్దరు డాక్టర్లు చెరో చేయి పట్టుకుని నరం కోసం తడుముకుంటుంటే పక్కన నిలబడ్డాను. అది ఒక్కసారి చూసిన మనిషి పారుతున్న లైన్ తీసెయ్యడానికి జంకుతుంది. ఒక్కోసారి ఒక్కదాన్నే నలుగుర్ని చూసుకున్న రోజులున్నాయి. ఇక్కడ వెంటిలేటర్ మీద ఉన్న ఒక్కో పేషెంట్‌కి ఒక్కో నర్సు. ఆ ఇన్‌చార్జి అమ్మాయికి ప్రతి లైన్ దగ్గరా ఆగి ఎందుకని అడిగే తీరిక ఉంది. ఇదంతా డ్యూటీ దిగి బస్సులో ఇంటికి వెళ్తూ మనసులో ఆవిడతో వాదించాను. ఎదురుగా ఉన్నప్పుడు మాత్రం "సరే మేడం" తప్ప ఇంకో మాట రాలేదు. మేడం అనొద్దు, పేరు పెట్టి పిలవమని ఎన్నిసార్లు చెప్పినా నా నోరు తిరగదు.

వాదనలో గెలవాలని లెక్కలు తీశాను. అక్కడే దెబ్బతిన్నాను.

2006లో వచ్చిన ఒక పెద్ద సమీక్ష 200 అధ్యయనాలు కలిపి చూసి, చేతికి పెట్టే మామూలు కాన్యులాల వల్ల రక్తంలో ఇన్‌ఫెక్షన్ వెయ్యి కాన్యులా రోజులకి 0.5 అని తేల్చింది. ఒక మనిషికి ఒక రోజు ఒక కాన్యులా ఉంటే ఒక కాన్యులా రోజు. తక్కువే కదా, చూశారా అనుకున్నాను. తర్వాత మన దేశం లెక్క దొరికింది. 19 నగరాల్లో 204 ఐసీయూలు, 2013 నుంచి 2019 దాకా. వెయ్యికి 2.91. ఈ అంకె ఎక్కడో చూశానే అని ఆలోచిస్తే, అమెరికాలోని మిషిగన్ ఐసీయూల కథ గుర్తొచ్చింది. సెంట్రల్ లైన్ వేసేటప్పుడు చెక్‌లిస్ట్ పెట్టి ఇన్‌ఫెక్షన్లు తగ్గించారని 2006లోనే ప్రపంచమంతా చెప్పుకున్నది. చెక్‌లిస్ట్ రాకముందు అక్కడి సెంట్రల్ లైన్ల మధ్యస్థ రేటు వెయ్యి లైన్ రోజులకి 2.7. అంటే వాళ్లు మెడలో లైన్‌కి సిగ్గుపడ్డ అంకె, మనకి చేతి మీద కాన్యులాకే ఉంది.

పోల్చిన పద్ధతి సరైనది కాదని నాకూ తెలుసు. అయినా నిద్రపట్టలేదు.

సెంట్రల్ లైన్ అంటే మర్యాదే వేరు. గౌను, మాస్కు, టోపీ, పేషెంట్ ఒంటి నిండా స్టెరైల్ షీటు, పక్కన చెక్‌లిస్ట్ పట్టుకుని ఒకరు. ఆకుపచ్చ కాన్యులాకి స్పిరిట్ దూదితో ఒక తుడుపు, అది ఆరకముందే మళ్లీ వేలితో నరం తడిమి చూడటం, పోటు. నేనూ అలాగే చేశాను, వేలసార్లు. నరం పట్టే నేర్పంతా ఆ వేలి కొసలోనే ఉందని గర్వం కూడా. తుడిచాక ఆ వేలు మళ్లీ తగిలితే తుడిచినట్టు కాదని చదువుకున్నదే, పరీక్షలో రాసిందే. క్రిముల్ని చంపే క్లోర్‌హెక్సిడిన్ కలిసిన ఆల్కహాల్‌తో తుడిచి పూర్తిగా ఆరనివ్వాలి. ఆ కాసేపు చేతులు కట్టుకుని నిలబడటం నాకు ఇక్కడికి వచ్చాకే అలవాటైంది. మొదట్లో ఎంత ఒళ్లు మండేదో.

ఆ మన లెక్కలో ఇంకో విషయం ఉంది. దొరికిన క్రిముల్లో ఎక్కువ భాగం ఈకోలై, క్లెబ్సియెల్లా, సూడోమొనాస్ లాంటివి. చర్మం మీద ఉండే స్టాఫిలోకాకస్ కాదు. అంటే దోషం పేషెంట్ చర్మానిది ఒక్కదానిదే కాదు. చేతులు, తడి, మందు కలిపే చోటు, సెలైన్ సీసా, వీటి వైపు కూడా చూడాలి. సీసా అనగానే నాకు చటుక్కున గుర్తొచ్చింది ఆ సూది. గట్టి ప్లాస్టిక్ సీసాలో సెలైన్ ఆగిపోతే గాలి కోసం పైన ఒక సూది గుచ్చేవాళ్లం. టకటకా పారేది. ఆ గాలి వార్డు గాలే కదా, సీసా ఖాళీ అయ్యేదాకా అలా లోపలికి వెళ్తూనే ఉంటుంది కదా అని ఒక్కరోజు కూడా అనుకోలేదు. ఇక్కడ మెత్తటి సంచులు, ఖాళీ అవుతుంటే వాటంతట అవే ముడుచుకుపోతాయి, సూదితో పనే లేదు. ఇది నా తప్పు కాదు, కొనేవాళ్లది అని సర్దిచెప్పుకున్నాను. సగం నిజం.

అయితే ఈ నియమాలు రాసేవాళ్లకీ ఒక మాట మీద నిలకడ లేదండి. ఒకప్పుడు మూడు నాలుగు రోజులకోసారి కాన్యులా మార్చాల్సిందే అన్నారు. 2012లో ఆస్ట్రేలియాలో 3,283 మందితో చేసిన ట్రయల్‌లో, మార్చినా, అవసరం వచ్చేదాకా ఉంచినా నరం వాపు రెండు గుంపుల్లోనూ 7 శాతమే అని తేలింది. ఇంకేం, చాలాచోట్ల మార్చడం మానేశారు. తర్వాత జెనీవాలో అలాగే మానేస్తే రక్తం ఇన్‌ఫెక్షన్లు పెరిగాయని 2021లో అక్కడివాళ్లే రాశారు. నాకు అర్థమైంది ఇదీ: మార్చకుండా ఉంచొచ్చు, కానీ రోజూ ఎవరో ఒకరు నిజంగా చూస్తేనే. వాపుకి సున్నా నుంచి ఐదు దాకా మార్కులు వేసే పట్టిక ఉంది, మేం షిఫ్ట్‌కి ఒకసారైనా నింపాలి. వార్డులో పేషెంట్ తనే చెప్తాడు, సిస్టర్, ఇక్కడ మండుతోంది అని. ఐసీయూలో చెప్పే నోట్లో ట్యూబ్ ఉంటుంది. పైగా పైకి ఎరుపూ వాపూ ఏమీ లేకుండానే లోపల ఇన్‌ఫెక్షన్ రావచ్చు. జ్వరం వస్తే అందరూ ఊపిరితిత్తులు, మూత్రం, సెంట్రల్ లైన్ అంటూ వెతుకుతారు. దుప్పటి కింద పనిలేకుండా పడున్న కాన్యులా చివరికి గుర్తొస్తుంది.

ఎమర్జెన్సీలో శుభ్రత చూసుకోలేని తొందరలో పెట్టిన లైన్‌ని 48 గంటల్లోపు తీసెయ్యాలన్న నియమానికి మాత్రం ఎవరూ అడ్డు చెప్పలేదు. మా పేషెంట్‌ది మూడో రోజు. ఆ పిల్ల అడిగింది న్యాయమే. అదే నాకు కాలింది.

ఆ రాత్రి ఆవిడ ముందే తీసేశాను. గాజ్ పెట్టి నొక్కి పట్టుకున్నాను. అతనికి ఏమీ కాలేదు, రెండు వారాలకి వార్డుకి వెళ్లిపోయాడు.

ఇది జరిగిన పది రోజులకి, ఒక పెద్దావిడ చేతి మీద వాడని కాన్యులా కనిపించింది. డాక్టర్‌ని అడిగి నేనే తీసేశాను, ఎవరూ చెప్పకుండా. నాలుగు గంటలు తిరక్కుండానే మెడలో లైన్ పనిచెయ్యడం మానేసింది. ఆవిడవి దారపు పోగుల్లాంటి నరాలు. తుడిచాను, ఆరేదాకా ఆగాను, ముట్టుకోలేదు. రెండు పోట్లు వృథా. ఇన్‌చార్జి ఏమీ అనలేదు, లైటు వంచి పట్టుకుంది. మూడో పోటుకి, ముంజేతి లోపలి వైపు, రక్తం కనిపించింది. పెద్దావిడ కళ్లు తెరిచి నన్నే చూస్తోంది. సారీ చెప్పాను, ఏ భాషలో చెప్పానో గుర్తులేదు. ప్లాస్టర్ అంటించి, దాని మీద తేదీ, టైము రాశాను.