రిబ్‌చెస్టర్‌లో సర్మేషియన్ రౌతులు

ఇంగ్లండ్‌లోని లాంకషైర్‌లో, రిబుల్ నది ఒడ్డున రిబ్‌చెస్టర్ అనే చిన్న ఊరుంది. శనివారం వెళ్లొచ్చాం. అక్కడ రోమన్ కోటను వెతుక్కుంటూ వెళ్లక్కర్లేదు, ఊరే దాని మీద ఉంది. చర్చి, సమాధులు, ఇళ్లు అన్నీ కోట మీదే. ఒక మూలనైతే నది ఎప్పుడో కోసుకుపోయింది.

పైకి కనిపించేది తక్కువే. మ్యూజియం వెనక ధాన్యపు కొట్ల పునాదులున్నాయి. గింజలకు చెమ్మ తగలకుండా, కింద గాలి ఆడేలా నేలను ఎత్తులో కట్టేవాళ్లట. వడ్లు పండించే ఇంట్లో పుట్టినదాన్ని కదా, అక్కడే చాలాసేపు నిలబడిపోయాను.

నన్ను బాగా కదిలించింది మాత్రం ఇక్కడ కాపలా కాసిన మనుషుల సంగతి. క్రీ.శ. 175లో రోమన్ చక్రవర్తి మార్కస్ ఆరీలియస్ డాన్యూబ్ నది అవతల ఉండే సర్మేషియన్లు అనే తెగలవాళ్లను ఓడించి, వాళ్ల రౌతుల్లో 5,500 మందిని బ్రిటన్‌కు పంపించాడు. వాళ్లలో ఒక దళం ఈ కోటలో ఉండేదని ఇక్కడ దొరికిన శాసనాలు చెబుతున్నాయి. ఎండిన గడ్డిమైదానాల్లో గుర్రాల మీద పెరిగినవాళ్లు, ఈ ఆగని వానలో ఏమనుకుని ఉంటారో!

1796లో ఇక్కడ ఒక పిల్లాడికి మనిషి ముఖం ఉన్న కంచు శిరస్త్రాణం దొరికింది. ఆశ్విక విన్యాసాల్లో పెట్టుకునేది. అసలుది బ్రిటిష్ మ్యూజియంలో ఉంది, ఊళ్లో ఉన్నది నకలు. దొరికిన చోటే అసలుది ఉంటే ఎంత బాగుండేదో అనిపించింది.