బీటా సార్, బీసీ 107

మన బ్యాచ్ సంచికకి ఏదైనా రాయమని కమిటీ వాళ్లు ఫోన్ చేశారు. హాస్టల్ గొడవలు, మెస్ సాంబారు, ఎక్స్‌కర్షన్ బస్సు సంగతి మన క్లాస్‌మేట్ స్టాంపు ఎలాగూ రాస్తాడు. నాకు రాయాలనిపించింది మూడో ఏడాది అనలాగ్ ల్యాబ్ ఒక్కటే.

ఆ రోజు మనం బీటా సార్ అని పిలుచుకునే మాస్టారు సుద్దముక్క ముట్టుకోలేదు. బీసీ 107 అనే ట్రాన్సిస్టర్‌కి ఉండే మూడు కాళ్లలో (బేస్, కలెక్టర్, ఎమిటర్) బేస్‌కి ఒకే ఒక్క రెసిస్టర్ పెట్టి, 12 వోల్టుల సప్లైకి కలిపారు. కలెక్టర్ దగ్గర మీటరు ముల్లు 6 మీద నిలబడింది. కాలుతున్న సోల్డరింగ్ ఐరన్ తెచ్చి ట్రాన్సిస్టర్‌కి ఆనీ ఆననట్టు పట్టుకున్నారు. వేడికి కరెంటు పెరిగి ముల్లు కిందికి జారుతూనే ఉంది. ఐరన్ తీసేసి, అదే డబ్బాలోంచి ఇంకో బీసీ 107 పెడితే ముల్లు ఇంకెక్కడో ఆగింది.

బీటా అంటే బేస్ కరెంటుకి కలెక్టర్ కరెంటు ఎన్ని రెట్లో చెప్పే అంకె. "బీటా 110 నుంచి 450 దాకా ఎంతైనా ఉండొచ్చని డేటాషీట్‌లోనే రాశాడు. దాన్ని నమ్ముకుని డిజైన్ చేస్తావా బాబూ?" (ఆ బాబు ఎవరో మీకు చెప్పక్కర్లేదు.)

తర్వాత బేస్‌కి రెండు రెసిస్టర్లు, ఎమిటర్‌కి ఒకటి పెట్టి మళ్లీ ఐరన్ పట్టారు. ముల్లు దాదాపు కదల్లేదు. ట్రాన్సిస్టర్ మార్చినా అంతే. కరెంటు పెరగబోతే ఎమిటర్ వోల్టేజి లేస్తుంది, బేస్‌కీ ఎమిటర్‌కీ మధ్య వోల్టేజి తగ్గుతుంది, పెరగబోయిన కరెంటు అక్కడే ఆగిపోతుంది. ఫీడ్‌బ్యాక్ ఫార్ములాలు మనకి అంతకుముందే కంఠతా వచ్చు. అర్థమైంది మాత్రం ఆ పూటే.

ఆ ఊపులోనే 741 అనే యాంప్లిఫయర్ చిప్పు లోపలి సర్క్యూట్ మొత్తం విప్పి చెప్పారు. ఏ కరెంట్ మిర్రర్ (ఒక కరెంటుకి నకలు తీసే సర్క్యూట్) ఎందుకుంది, ఆ 30 పికోఫారడ్ కెపాసిటర్ తీసేస్తే ఏమవుతుంది, ఇలా ఒక్కో ట్రాన్సిస్టర్‌నీ పలకరించుకుంటూ వెళ్లారు. నాలుగో ఏడాది నాకు పెద్దగా గుర్తు లేదు.

ఇప్పుడు నేను బెంగళూరులో చిప్పుల లోపలి వోల్టేజ్ రిఫరెన్సులు, అంటే వేడి మారినా మారని వోల్టేజి ఇచ్చే సర్క్యూట్లు, డిజైన్ చేస్తున్నాను. బేస్-ఎమిటర్ వోల్టేజి డిగ్రీకి సుమారు 2 మిల్లీవోల్టులు తగ్గుతుంది. వేర్వేరు కరెంట్ డెన్సిటీల్లో నడిచే రెండు ట్రాన్సిస్టర్ల బేస్-ఎమిటర్ వోల్టేజీల మధ్య తేడా మాత్రం వేడితో పెరుగుతుంది. ఆ తేడాని సరిపడా పెంచి మొదటిదానికి కలిపితే, దాదాపు 1.2 వోల్టుల దగ్గర వేడి ప్రభావం చాలావరకు కొట్టుకుపోతుంది. చిప్ డిజైనర్ బాబ్ విడ్లార్ 1971లో ప్రచురించిన ఈ పద్ధతి మీదే మా ఇల్లు గడుస్తోంది. మా టీమ్ చేసినవి కార్లలో మైనస్ 40 నుంచి 125 డిగ్రీల దాకా పనిచేస్తున్నాయి. కొత్తగా చేరిన పిల్లల్ని మొదటి వారం సిమ్యులేటర్ ముట్టుకోనివ్వను. 1 మిల్లీఆంపియర్ పారితే ఎమిటర్ లోపలి రెసిస్టెన్స్ ఎంత అని అడుగుతాను. 26 ఓమ్‌లు అని తడుముకోకుండా చెప్పినవాళ్లని చూస్తే ప్రాణం లేచొస్తుంది.

స్టాంపూ, సార్ చేత్తో గీసిన 741 చార్టు నీ దగ్గరే ఉంది. ఈసారి వచ్చేటప్పుడు తప్పకుండా తీసుకురా. స్కాన్ చేయించి మా పిల్లలకి ఇవ్వాలి.