తిమింగలాల కోసం పదకొండు రోజులు పడవలో: నా అనుభవం

మూడు గంటల వేల్ వాచింగ్ ట్రిప్‌కి వెళ్లి నిరాశగా తిరిగొచ్చిన రోజే ఈ ప్రయాణం ఆలోచన పుట్టింది. ఆ రోజు శాన్ డియేగో తీరంలో ఒక గ్రే వేల్ (బూడిద రంగు తిమింగలం) వీపు రెండుసార్లు కనబడింది. మూడోసారి పైకి వచ్చేలోపే పడవను వెనక్కి తిప్పేశారు. గ్రే వేల్ ఒకసారి మునిగితే ఐదు నిమిషాల దాకా పైకి రాకపోవచ్చు, మాకేమో టైం అయిపోయింది. పడవ దిగుతుంటే అక్క అంది: "అది ఎక్కడికి పోతోందో మనం కూడా అక్కడికే పోదామే."

అది పోతున్నది మెక్సికోలోని బాహా కాలిఫోర్నియాకి. గ్రే వేల్స్ వేసవంతా ఉత్తరాన బేరింగ్, చుక్చీ సముద్రాల్లో తిని, చలికాలానికి తీరం వెంబడి దక్షిణానికి ఈదుకుంటూ ఇక్కడి లోతు తక్కువ లగూన్లకి, అంటే తీరం లోపలికి చొచ్చుకొచ్చిన ఉప్పునీటి మడుగులకి, చేరతాయి. రానూపోనూ 16,000 నుంచి 20,000 కిలోమీటర్లు. పిల్లల్ని కనేది, పెంచేది ఎక్కువగా ఈ లగూన్లలోనే.

శాన్ డియేగోలో బయలుదేరి, పసిఫిక్ తీరం వెంట దిగి, బాహా చివరి కొన చుట్టి, అటువైపు కాలిఫోర్నియా సింధుశాఖలోకి వెళ్లే పదకొండు రోజుల ట్రిప్ దొరికింది. మార్చి నెల కావాలనే ఎంచుకున్నాం. జనవరి, ఫిబ్రవరిలో తిమింగలాలు ఎక్కువే ఉంటాయి కానీ, మార్చికి మగవి, ఒంటరివి చాలావరకు వెళ్లిపోయి తల్లులూ పిల్లలూ మిగులుతాయి. అప్పటికి పిల్లలకి కాస్త బలం వస్తుంది, తల్లులు కూడా వాటిని పడవల దగ్గరికి రానిస్తాయి. కాగితాల పని నేను భయపడినంత లేదు. మావి భారతీయ పాస్‌పోర్టులే అయినా, చెల్లుబాటులో ఉన్న అమెరికా వీసా ఉంటే మెక్సికోకి టూరిస్టుగా వెళ్లడానికి వేరే వీసా అడగరు. బయలుదేరిన రోజే మెక్సికోలోని ఎన్సెనాడా రేవులో స్టాంపులు వేయించుకుని ముందుకు సాగిపోయాం.

అసలు కష్టం ఆ తర్వాత మొదలైంది. బుక్ చేసిన ఏజెంట్ భోజనాల గురించి, బైనాక్యులర్ల గురించి చాలా చెప్పాడు. మొదటి రెండు రాత్రులు అడ్డులేని బయటి సముద్రంలో ఉంటామని, అలలు పక్క నుంచి తగులుతాయని మాత్రం చెప్పలేదు. మా కేబిన్ పడవ ముందు భాగంలో ఉంది. ముక్కు భాగం ఎక్కువగా లేచి పడుతుంది, మధ్య భాగం తక్కువ కదులుతుంది. ఈ సంగతి తెలిసి ఉంటే ముందే మధ్యలో కేబిన్ అడిగేదాన్ని. ఎన్సెనాడా దాటిన గంటకే నాకు నోట్లో నీళ్లూరడం మొదలైంది, తర్వాత చెమటలు, తర్వాత వాంతులు. మాత్ర అప్పుడు వేసుకున్నాను. వేసుకున్న పది నిమిషాలకే అది బయటికొచ్చేసింది. వాంతులు రాకుండా వేసుకునే మెక్లిజిన్ లాంటి మాత్రలు పడవ కదలడానికి కనీసం గంట ముందే వేసుకోవాలి, తిప్పడం మొదలయ్యాక వాటితో పెద్ద ఉపయోగం ఉండదు. ఎవరైనా వెళ్లేవాళ్లుంటే డాక్టర్‌ని అడిగి ముందే సిద్ధం చేసుకోండి.

రాత్రంతా బంక్ మీద కళ్లు మూసుకుని పడుకున్నాను. లోపల పడుకుంటే తగ్గుతుందనుకున్నాను కానీ ఇంకా ఎక్కువైంది. తెల్లారాక పడవ సిబ్బందిలో ఒకాయన నన్ను పైకి రమ్మని, డెక్ మధ్యలో కూర్చోబెట్టి, ఆకాశం సముద్రం కలిసే గీతనే చూడమన్నాడు. కేబిన్‌లో గోడ కదలడం లేదని కళ్లు చెబుతాయి, కదులుతున్నావని చెవి లోపలి భాగం చెబుతుంది. ఆ రెండింటికీ పొత్తు కుదరకే కడుపులో తిప్పుతుంది. ఆ గీత చూస్తూ, ఉప్పు బిస్కెట్లు కొద్దికొద్దిగా కొరుక్కుంటూ, మధ్యాహ్నానికి మనిషినయ్యాను.

ఒకవిధంగా ఆ గీతే నాకు చూడటం నేర్పింది. వేరే పని లేక గంటల తరబడి నీళ్లవైపే చూశాను. మొదట్లో ప్రతి తెల్లటి నురగా తిమింగలం ఊపిరే అనిపించేది. మాతో వచ్చిన నేచురలిస్ట్ (జంతువుల గురించి వివరించే గైడ్) తేడా చెప్పింది: అల విరిగితే నురగ నీటి మీదే పరుచుకుంటుంది, తిమింగలం ఊపిరి గాల్లో నిలబడి, ఒక్క క్షణం ఆగి, గాలి ఎటుంటే అటు జరుగుతుంది. గ్రే వేల్ అయితే వెనక నుంచి చూసినప్పుడు ఆ తుంపర రెండుగా చీలి హృదయం ఆకారంలో ఉంటుంది. వినడానికి సులువే. రెండో రోజంతా నేను వేలు చూపించినవన్నీ అలలే.

మూడో రోజు శాన్ బెనిటో దీవుల్లో దిగాం. దీవి కనబడక ముందే వాసన వచ్చింది. ఒడ్డంతా ఎలిఫెంట్ సీల్స్, అంటే మగవాటికి తొండం లాంటి ముక్కుండే పెద్ద సీల్ జంతువులు. మార్చి కాబట్టి పెద్దవాటికంటే పిల్లలే ఎక్కువ. తల్లి నాలుగు వారాలు పాలిచ్చి, తర్వాత పిల్లని ఒడ్డునే వదిలేసి సముద్రంలోకి వెళ్లిపోతుంది, ఇంక తిరిగి రాదు. పుట్టినప్పుడు 35 కిలోలున్న పిల్ల అప్పటికి వంద కిలోలు దాటుతుంది. ఆ కొవ్వు మీదే రెండు నెలలకు పైగా ఏమీ తినకుండా ఉండి, ఒడ్డు దగ్గర నీళ్లలో తనంతట తనే ఈత నేర్చుకుంటుంది. ఒక పిల్ల నా బూటు దాకా పాకుతూ వచ్చి గుండ్రటి నల్లటి కళ్లతో చూసింది. ముట్టుకోకూడదు, మేమే వెనక్కి జరగాలి. నూనె కోసం వేటాడి వేటాడి 19వ శతాబ్దం చివరికి ఈ జాతిని వందకు లోపే మిగిల్చారట. 1922లో మెక్సికో రక్షణ కల్పించింది. ఇప్పుడున్న దాదాపు రెండు లక్షల జంతువులూ ఆ కొద్దిపాటి వాటి సంతానమే. ఆ పిల్ల నా బూటు వాసన చూస్తున్నంతసేపూ నాకు ఈ లెక్కే బుర్రలో తిరిగింది.

నాలుగో రోజు పొద్దున్న శాన్ ఇగ్నాసియో లగూన్‌లోకి వెళ్లి లంగరు వేశాం. ఊగుడు ఆగిపోయింది. ఇక్కడ పెద్ద పడవతో తిమింగలాల దగ్గరికి వెళ్లనివ్వరు. అక్కడి జాలర్లు నడిపే పాంగా అనే చిన్న పడవల్లోనే వెళ్లాలి. చూసే చోట ఒకేసారి ఇన్ని పడవలే ఉండాలని లెక్క ఉంది, ఒక్కో పడవకి గంటన్నరే సమయం. లగూన్ పైభాగం, అంటే పిల్లల్ని కనే చోటు, ఎవరికీ ప్రవేశం లేదు. ఈ కట్టుబాట్లు చాలా పట్టింపుగా అమలు చేస్తారు, అది చూసి నాకు నిజంగా సంతోషం వేసింది.

మొదటి పాంగాలో ఏ తిమింగలమూ దగ్గరికి రాలేదు. దూరంగా వీపులు లేచాయి, మునిగాయి. పడవ నడిపే పెద్దాయన వెంటపడలేదు. ఇంజిన్‌ని న్యూట్రల్‌లో పెట్టి ఊరుకున్నాడు. పూర్తిగా ఎందుకు ఆపరని అడిగితే, ఆ చప్పుడుతో పడవ ఎక్కడుందో తిమింగలానికి తెలియాలి కదా అన్నాడు. రెండోసారి గాలి లేచి సగంలోనే వెనక్కి రావాల్సి వచ్చింది. ఆ రాత్రి నాకు ఏడుపొచ్చింది. ఇంత దూరం వచ్చి, ఇంత అవస్థ పడి, మళ్లీ రెండు వీపులేనా అనిపించింది. అక్క మాత్రం "రేపుంది కదా, పడుకో" అంది.

మర్నాడు పొద్దున్న గాలి లేదు. నీళ్లు పలచటి ఆకుపచ్చ రంగులో ఉన్నాయి. ఇరవై నిమిషాలు గడిచాక పడవ కింద నుంచి ఏదో పాలిపోయిన రంగు మెల్లగా పైకి వస్తూ పెద్దదైంది. పెద్దదవుతూనే ఉంది. అది తల్లి, పడవకంటే చాలా పొడవు. ఊపిరి వదిలితే నా కళ్లద్దాలు జిడ్డుగా తడిసిపోయాయి. ఆ పక్కనే పిల్ల, తల్లి వీపు మీదికెక్కి, జారి, మా పడవ అంచుకి ముట్టె ఆనించింది. తల్లి కింద నుంచి దాన్ని నెమ్మదిగా మావైపు ఎత్తింది. నేను ఊహించుకోవడం కాదు, పడవలో అందరూ చూశారు. చెయ్యి చాపాను. కడిగిన వంకాయలా నున్నగా ఉంది, కానీ నొక్కితే మెత్తగా లోపలికి పోయింది. ముట్టె మీద చిన్న చిన్న గుంటలు, ఒక్కో గుంటలో ఒక్కో వెంట్రుక. ఇదీ మనలాగే పాలు తాగే జీవేనని పుస్తకంలో చదవడం వేరు, ఆ వెంట్రుక వేలికి తగలడం వేరు. అక్క ఏడుస్తోంది, నవ్వుతోంది, స్పానిష్ రాకపోయినా ఆ పెద్దాయనకి ఏదో చెప్పేస్తోంది.

సరిగ్గా ఈ తల్లుల్నే ఒకప్పుడు దెయ్యం చేపలన్నారు. 1857లో చార్లెస్ స్కామన్ అనే అమెరికన్ వేటగాడు దీనికి ఉత్తరాన ఉన్న ఓహో దె లియెబ్రె లగూన్‌లోకి దారి కనుక్కున్నాడు. అతని వెనకే మిగతా ఓడలు వచ్చిపడ్డాయి. లగూన్ మూలలో ఇరుక్కుపోయి, పిల్లకి బల్లెం తగిలితే తల్లి ఊరుకోదు కదా, పడవలు పగలగొట్టేది. అందుకే ఆ పేరు. ఆ భయం ఇక్కడి జాలర్లలో కూడా ఉండేది. తిమింగలం కనబడితే తప్పుకుని పోయేవాళ్లు. 1972లో పాచికో మయోరల్ అనే జాలరి పడవ పక్కన ఒక తిమింగలం లేచి, ఎంతకీ వెళ్లకపోతే, అతను భయపడుతూనే చెయ్యి చాపి ముట్టుకున్నాడు. ఈ లగూన్లో ఈ స్నేహం అక్కడి నుంచే మొదలైందని చెప్పుకుంటారు. తర్వాత ఇది రక్షిత ప్రాంతమైంది, 1993లో యునెస్కో వారసత్వ జాబితాలో చేరింది. ఇక్కడ పెద్ద ఉప్పు కర్మాగారం కడతామన్న ప్రతిపాదనని 2000లో మెక్సికో ప్రభుత్వం విరమించుకుంది.

అంతా బాగుందని చెప్పలేను. ఆ సాయంత్రం నేచురలిస్ట్ ఒక ఫొటో చూపించి తల వెనక భాగం చూడమంది. కొవ్వు ఉంటే అక్కడ గుండ్రంగా ఉండాలి, ఆ తల్లికి లోపలికి పోయింది. ఇక్కడున్నన్నాళ్లూ తల్లులు దాదాపు ఏమీ తినవు. ఉత్తరాన సముద్రం అడుగు బురదలో దొరికే చిన్న రొయ్యల్లాంటి జీవులతో పెంచుకున్న కొవ్వుతోనే కడుపులో పిల్లని మోయాలి, పాలివ్వాలి, మళ్లీ అంత దూరం ఈదాలి. ఆర్కిటిక్‌లో ఆ తిండి తగ్గుతోంది. 2016లో దాదాపు 27,000 ఉన్న తూర్పు పసిఫిక్ గ్రే వేల్స్ 2023 నాటికి 14,500 దగ్గరికి పడిపోయాయి. ఆ రోజు నేను ముట్టుకున్న పిల్ల తల్లి ఎలా ఉందోనని నా ఫొటోలన్నీ తిరగేశాను. దాని తల వెనక గుండ్రంగానే ఉంది. ఆ ఫొటోని ఇప్పటికీ అప్పుడప్పుడూ తీసి చూసుకుంటాను.

లగూన్ నుంచి కాబో సాన్ లూకస్ దాకా మళ్లీ అడ్డులేని బయటి సముద్రమే కానీ, ఈసారి మాత్ర ముందే వేసుకున్నాను. కొన దాటాక హంప్‌బ్యాక్‌లు కనబడ్డాయి. నీళ్లలోకి హైడ్రోఫోన్ (నీటి లోపలి శబ్దాలు పట్టే మైకు) దించితే మగ తిమింగలాల పాట స్పీకర్‌లో వినిపించింది: మూలుగు, కిర్రుమనడం, మళ్లీ అదే వరుస మొదటి నుంచి. లోస్ ఇస్లోతెస్ అనే చిన్న దీవుల దగ్గర సీ లయన్ పిల్లలు, ఒక మధ్యాహ్నమంతా పడవ చుట్టూ వందల డాల్ఫిన్లు.

తొమ్మిదో రోజు పొద్దున్న, లొరెటో దగ్గర, డెక్ మీద నేనూ ఇంకో ఇద్దరమే ఉన్నాం. ఎండ పడిన కొండల ముందు ఒక తెల్లటి గీత నిటారుగా లేచింది. అల కాదు. గాల్లో నిలబడింది, ఆగింది, ఎడమవైపుకి జరిగింది. చాలా ఎత్తు, గ్రే వేల్‌ది ఎప్పుడూ అంత లేవదు. "పదకొండు గంటల వైపు!" అని అరిచాను, అంటే పడవ ముందు భాగం గడియారంలో పన్నెండు అనుకుంటే దానికి కాస్త ఎడమకి. నేచురలిస్ట్ బైనాక్యులర్లు ఎత్తి, దించి, నావైపు తిరిగి నవ్వింది. బ్లూ వేల్. పడవ ఆపి చూస్తుంటే వీపు లేచి, జారుతూ జారుతూ, ఎంతకీ అయిపోలేదు. చివరికి తోక ఎత్తి మునిగింది. అది మునిగిన చోట నీళ్లు కాసేపు అద్దంలా నునుపుగా ఉండిపోయాయి.

లా పాజ్‌లో దిగి ఇంటికొచ్చాక రెండు రోజులు మంచం ఊగుతూనే ఉన్నట్టుండేది. రాత్రి పదకొండింటికి అక్క ఫోన్ చేసింది. "నీకు కూడా ఊగుతోందా?" అంది. ఊగుతోందన్నాను. "తగ్గిపోతుందేమోనని దిగులుగా ఉందే" అంది.